అమెరికా కౌంటీల్లో పశువులు పెంచేవారు ప్రభుత్వ విపత్తు సాయం పొందడం ఎలా?

అమెరికాలో మంచు తుఫాను, వరద, కార్చిచ్చు వంటివి వచ్చి పశువులు చనిపోయినా, కరువు వచ్చి పచ్చిక బీళ్లు ఎండిపోయినా, ఆ నష్టంలో కొంత భాగాన్ని ఫెడరల్ ప్రభుత్వం రైతుకు నేరుగా చెల్లిస్తుంది. ఇది అప్పు కాదు కాబట్టి తిరిగి కట్టనక్కర్లేదు. బీమా కాదు కాబట్టి ముందుగా ప్రీమియం కట్టే పని కూడా లేదు. అయితే ఈ డబ్బు ఎవరికి అందుతుందన్నది విపత్తు తీవ్రత కంటే, విపత్తుకు ముందు ఆ రైతు కౌంటీ కార్యాలయంలో ఏ కాగితాలు దాఖలు చేసి ఉంచాడన్న దానిమీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఉద్యోగం చేస్తూనే పల్లె కౌంటీలో కొంత భూమి కొని, మేకలో గొర్రెలో ఆవులో పెంచుతున్న మన కుటుంబాలవారు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

ఈ చెల్లింపులు వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, అంటే ఎఫ్‌ఎస్‌ఏ, ద్వారా జరుగుతాయి. ఇళ్లు దెబ్బతిన్నప్పుడు కుటుంబాలకు సాయం చేసే ఫీమాకూ దీనికీ సంబంధం లేదు. ఫీమాకు దరఖాస్తు పెట్టినంత మాత్రాన పశువుల నష్టం ఎక్కడా నమోదు కాదు. ఎఫ్‌ఎస్‌ఏకు గ్రామీణ కౌంటీల్లో దాదాపు అంతటా కార్యాలయాలు ఉంటాయి, కొన్నిచోట్ల మాత్రం రెండు మూడు కౌంటీలకు కలిపి ఒకటే ఉంటుంది. ప్రతి కార్యాలయానికీ స్థానిక రైతులు ఓటు వేసి ఎన్నుకున్న కౌంటీ కమిటీ ఒకటి ఉంటుంది. మీ దరఖాస్తును ఆమోదించేదీ, అనుమానం వస్తే ఆపేదీ ఆ కమిటీయే. అందులో కూర్చునేవారు మీ చుట్టుపక్కల రైతులే కాబట్టి, ఏ నెలలో ఏ బీడులో ఎంత మేత ఉంటుందో వారికి బాగా తెలుసు.

ఈ పథకాలకు ఇప్పుడున్న శాశ్వత చట్టబద్ధత 2014 ఫార్మ్ బిల్లుతో వచ్చింది. అంతకుముందు, 2013 అక్టోబరులో సౌత్ డకోటా పశ్చిమ ప్రాంతాన్ని అకాల మంచు తుఫాను ముంచెత్తి వేలాది పశువులను చంపినప్పుడు, పాత పథకాల గడువు తీరిపోయి ఉండడంతో ఆ రైతులకు వెంటనే సాయం చేసే దారి లేకపోయింది. కొత్త చట్టం 2011 అక్టోబరు నుంచి జరిగిన నష్టాలకు కూడా వర్తించడంతో వారికి ఆలస్యంగానైనా డబ్బు అందింది. అయితే చనిపోయిన పశువుల లెక్కను అప్పటికే ఫొటోలతో, రసీదులతో భద్రపరచుకున్నవారికే ఆ అవకాశం తేలికగా అక్కరకు వచ్చే వీలుంది.

ఏ నష్టానికి ఏ పథకం

ప్రధానమైన పథకాలు మూడు. పశువులు చనిపోయినా, గాయపడి తక్కువ ధరకు అమ్ముకోవలసి వచ్చినా లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్ వర్తిస్తుంది. దీన్ని ఎల్‌ఐపీ అంటారు. కరువువల్ల మేత భూమి ఎండిపోతే లైవ్‌స్టాక్ ఫోరేజ్ డిజాస్టర్ ప్రోగ్రామ్, అంటే ఎల్‌ఎఫ్‌పీ, వర్తిస్తుంది. ఈ రెంటిలోనూ ఇమడని నష్టాలకు, అంటే కొని నిల్వచేసిన మేత వరదలో కొట్టుకుపోవడం, కరువులో నీళ్లు ట్యాంకర్లతో తోలించుకోవడం, మేతను దూరం నుంచి రప్పించుకోవడం వంటి వాటికి, ఈలాప్ అని పిలిచే మూడో పథకం ఉంది. పాడి ఆవులకు హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ సోకి పాల దిగుబడి పడిపోయినప్పుడు 2024 నుంచి పరిహారం ఇస్తున్నదీ ఈలాప్ కిందే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కరువువల్ల పశువు చనిపోతే అది ఎల్‌ఐపీ కిందికి రాదు. కరువు నెమ్మదిగా వచ్చేది, ముందే కనిపించేది కాబట్టి రైతు మేత తెప్పించడమో, మందను తగ్గించుకోవడమో చేయగలడన్నది ప్రభుత్వ వాదన. కరువు కారణంగా ప్రబలిన ఆంత్రాక్స్ మాత్రమే దీనికి మినహాయింపు. అలాగే, వ్యవసాయ మంత్రి మీ కౌంటీని విపత్తు ప్రాంతంగా ప్రకటించనందువల్ల మీకు అర్హత లేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఆ ప్రకటన ముఖ్యంగా అత్యవసర రుణాలకు సంబంధించినది. ఎల్‌ఐపీకి గానీ ఎల్‌ఎఫ్‌పీకి గానీ అది అవసరం లేదు.

విపత్తు రాకముందే పూర్తి చేయవలసిన పని

మీ భూమి ఉన్న కౌంటీ ఎఫ్‌ఎస్‌ఏ కార్యాలయానికి ఫోన్ చేసి, అపాయింట్‌మెంట్ తీసుకుని, ముందుగా ఫార్మ్ నంబరు, అంటే ఆ కార్యాలయం మీ భూమికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, తెచ్చుకోవాలి. దీనికి గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదా సంస్థ పేరిట తీసుకున్న పన్ను గుర్తింపు నంబరు, భూమి దస్తావేజు లేదా కౌలు ఒప్పందం తీసుకువెళ్లాలి. ఎల్‌ఎల్‌సీ పేరుమీద భూమి ఉంటే ఆ సంస్థను నెలకొల్పిన పత్రాలు, సంతకం చేసే అధికారం ఎవరికి ఉందో తెలిపే పత్రం కూడా కావాలి. కౌలు నోటిమాటగా ఉంటే దాన్ని ఇప్పుడే కాగితం మీద పెట్టించుకోవడం మంచిది, ఎందుకంటే కరువు వచ్చాక అదే బీడుమీద భూమి యజమాని, కౌలుదారు ఇద్దరూ హక్కు చెప్పుకుంటే కమిటీ ఇద్దరి దరఖాస్తులనూ పక్కన పెట్టవచ్చు.

ఆ తరువాత ఈ ఫారాలు పూర్తి చేసి ఉంచాలి. సీసీసీ-902లో భూమి, పెట్టుబడి, శ్రమ, నిర్వహణ ఎవరివో తెలపాలి. సంస్థ అయితే అందులోని సభ్యుల వివరాలను సీసీసీ-901లో ఇవ్వాలి. సీసీసీ-941లో మీ సగటు ఆదాయం పరిమితికి లోబడి ఉందని ధ్రువీకరించాలి. ఏడీ-1026లో చిత్తడి నేలలను ఎండగట్టబోమని, కోతకు గురయ్యే నేలను నిబంధనలకు విరుద్ధంగా దున్నబోమని ఒప్పుకోవాలి. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడడానికి ఎస్‌ఎఫ్-3881 ఇవ్వాలి. ఆదాయ పరిమితి మూడేళ్ల సగటుమీద 9,00,000 డాలర్లు. ఇందులో జీతం, వ్యాపార లాభం, వ్యవసాయం అన్నీ కలిసే ఉంటాయి. ఆదాయంలో 75 శాతమో అంతకంటే ఎక్కువో వ్యవసాయం నుంచే వచ్చేవారికి ‘వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్’ పేరుతో వచ్చిన 2025 ఫెడరల్ చట్టం ఈ విషయంలో సడలింపు ఇచ్చింది గానీ, ఉద్యోగం చేసుకుంటూ పశువులు పెంచేవారికి అది పెద్దగా ఉపయోగపడేది కాదు.

మనవారిలో చాలామందికి అసలైన అడ్డంకి మరొకటి ఉంది. ఈ చెల్లింపులకు దరఖాస్తుదారు అమెరికా పౌరుడై గానీ, గ్రీన్ కార్డు ఉన్న శాశ్వత నివాసి అయి గానీ ఉండాలి. హెచ్-1బీ వీసాపై ఉన్నవారు భూమి కొనవచ్చు, పశువులను పెంచవచ్చు, పన్నులు కట్టవచ్చు. అయినా ఈ నిబంధనల ప్రకారం వారు విదేశీయులే. భూమి, పెట్టుబడితో పాటు తామే స్వయంగా గణనీయమైన శ్రమ చేస్తున్నట్లు చూపగలిగితే తప్ప విదేశీయులకు చెల్లింపు రాదు, ఇంకోచోట పూర్తికాలపు ఉద్యోగం చేసేవారికి అది రుజువు చేయడం కష్టం. కుటుంబంలో గ్రీన్ కార్డు ఉన్నవారు నిజంగా మందలో భాగస్వాములైతే దరఖాస్తు వారి వాటా మేరకే వెళ్లాలి. లేని వాటాను కాగితం మీద సృష్టిస్తే అది తప్పుడు ధ్రువీకరణ అవుతుంది, దాని పర్యవసానం డబ్బు వాపసుతో ఆగదు. పనిలో పనిగా మరొక సంగతి: గ్రీన్ కార్డు లేనివారు వ్యవసాయ భూమి కొన్నప్పుడు 90 రోజుల్లోగా ఎఫ్‌ఎస్‌ఏ-153 అనే ఫారంలో ఆ విషయాన్ని తెలియజేయవలసి ఉంటుంది. ఇది సాయానికి సంబంధం లేని వేరే చట్టం, కానీ దీన్ని విస్మరిస్తే భూమి విలువలో కొంత శాతం జరిమానాగా పడవచ్చు.

ఏటా చేయవలసిన పని మరొకటి, ఎకరాల నివేదిక. ఎఫ్‌ఎస్‌ఏ-578 అనే ఈ నివేదికలో ఎన్ని ఎకరాల్లో సహజమైన పచ్చిక ఉందో, ఎన్ని ఎకరాల్లో వేసిన గడ్డి ఉందో, ఎక్కడ పశువులు మేస్తాయో చూపాలి. గడువు తేదీ పంటనుబట్టి, కౌంటీనిబట్టి మారుతుంది. ఎల్‌ఎఫ్‌పీ లెక్కంతా ఈ ఎకరాల మీదే నడుస్తుంది. పంట ఏదీ వేయలేదు, ఊరికే బీడే కదా అని ఈ నివేదిక ఇవ్వకపోవడం వల్ల చిన్న రైతులు ఎక్కువగా నష్టపోతారు.

పశువులు చనిపోయినప్పుడు

ఎల్‌ఐపీలో ఒక సూత్రాన్ని బాగా అర్థం చేసుకోవాలి. ఏ మందలోనైనా ఏడాదిలో కొన్ని పశువులు ఎలాగూ చనిపోతాయి కాబట్టి, ఆ సాధారణ మరణాల రేటుకు మించిన వాటికే పరిహారం వస్తుంది. ఈ రేటును రాష్ట్రాల వారీగా, పశువు రకం వారీగా నిర్ణయిస్తారు. ఉదాహరణకు మీ మందలో 100 పెద్ద గొర్రెలు ఉండగా మంచు తుఫానులో 20 చనిపోయాయనుకుందాం. వాటికి సాధారణ మరణాల రేటు 5 శాతం అనుకుంటే, 15 గొర్రెలకే పరిహారం లెక్కకడతారు. ఒక్కో గొర్రె సగటు మార్కెట్ విలువను ప్రభుత్వం 200 డాలర్లుగా నిర్ణయించి ఉంటే, అందులో 75 శాతం అంటే 150 డాలర్ల చొప్పున మొత్తం 2,250 డాలర్లు వస్తాయి. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి మాత్రమే. మీ పశువును మీరు ఎంత పెట్టి కొన్నారన్నది ఇందులో లెక్కలోకి రాదు. మేలుజాతి పొట్టేలుకూ మామూలు పొట్టేలుకూ ఇక్కడ ధర ఒకటే. మొత్తం మీద ఎల్‌ఐపీకి చెల్లింపు పరిమితి లేదు.

తోడేళ్ల వంటి, ఫెడరల్ చట్టం రక్షించే లేదా ప్రభుత్వం మళ్లీ అడవిలో వదిలిన జంతువుల దాడిలో పశువు చనిపోతే 2025 చట్టం ప్రకారం మార్కెట్ విలువలో 100 శాతం ఇస్తారు. అదే చట్టం, చనిపోయిన చూడి పశువు కడుపులోని పిల్లలకు కూడా అదనపు చెల్లింపును చేర్చింది కాబట్టి చూడి పరీక్ష చేయించిన రికార్డులను పారేయవద్దు.

వాతావరణం విషయంలో నిర్వచనాలు కచ్చితంగా ఉంటాయి. శీతకాలపు తుఫాను అంటే కనీసం మూడు రోజులు వరుసగా కొనసాగి, బలమైన గాలులు, గడ్డకట్టే వాన, భారీ మంచు, తీవ్రమైన చలి కలిసి వచ్చినది. ఒక్క రాత్రి గట్టి చలికి రెండు పిల్లలు పోయాయంటే కమిటీ ప్రశ్నిస్తుంది. రోగాలైతే టీకాతో గానీ, మంచి యాజమాన్యంతో గానీ నివారించలేనివై ఉండాలి. ఇంట్లో ముద్దుగా పెంచుకునేవి, పోటీలకు, వేటకు, వినోదానికి ఉంచుకున్నవి అసలు అర్హమైనవి కావు. వ్యాపార ప్రాతిపదికన పెంచే పశువులకే ఈ పథకం.

విపత్తు జరిగిన వెంటనే, కళేబరాలను తరలించకముందే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రతి పశువునూ చెవి ట్యాగు కనబడేలా తేదీ నమోదయ్యే ఫొటో తీయాలి, ఆ తరువాత కళేబరాల మొత్తం కనబడేలా దూరం నుంచి వీడియో తీయాలి. పశువైద్యుడు రాగలిగితే ఆయన చేత సంఖ్య, వయసు, మరణ కారణం రాయించుకోవాలి. కళేబరాలను తీసుకువెళ్లే సంస్థ రసీదు ఇస్తే దాన్ని మించిన రుజువు లేదు. ఇవేవీ కుదరకపోతే, మీ బంధువూ మీ దగ్గర జీతానికి పనిచేసేవాడూ కాని మూడో వ్యక్తి, స్వయంగా చూసినది రాసి సంతకం చేస్తే దాన్ని పరిశీలిస్తారు. పొరుగు రైతును ఆ రోజే పిలిచి చూపించడం అందుకే ముఖ్యం.

చనిపోయినవాటి లెక్క కంటే, విపత్తుకు ముందురోజు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో రుజువు చేయడమే కష్టమైన పని. దీనికి కొన్న రసీదులు, వేలం కేంద్రం చీటీలు, టీకాల బిల్లులు, ఉన్ని కత్తిరించిన రికార్డులు, బ్యాంకుకు ఇచ్చిన ఆస్తుల పట్టిక, ఆదాయపు పన్ను పత్రాలు, కౌంటీ ఆస్తి పన్నుకు ఇచ్చిన లెక్క, ఇలా ఏదైనా పనికివస్తుంది. అయితే ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. పన్ను లెక్కల్లో 30 మేకలు చూపించి, నష్టంలో 60 చూపిస్తే ఫైలు అక్కడే ఆగిపోతుంది. నెలకొకసారి మంద లెక్కను ఒక నోటుపుస్తకంలో రాసి, అదే రోజు ఫోనుతో మందను ఫొటో తీసి పెట్టుకునే అలవాటు అన్నిటికంటే చవకైన ఏర్పాటు.

నష్టం జరిగిన సంగతి తెలిపే నోటీసుకూ, చెల్లింపు కోసం పెట్టే దరఖాస్తుకూ వాడేది సీసీసీ-852. నష్టం జరిగిన ఏడాది తరువాతి సంవత్సరం మార్చి 1 దీనికి చివరి గడువు. గడువు అంత దూరంలో ఉంది కదా అని ఆగడం తెలివైన పని కాదు. వారంలోగా ఫోన్ చేసి చెబితే, కార్యాలయంవారు మిగతా ఫైళ్లతో పోల్చి మీ నష్టాన్ని తేలికగా నమ్మగలుగుతారు. పెద్ద విపత్తు తరువాత ఫోన్ కలవడమే కష్టం కావచ్చు, అప్పుడు ఈమెయిల్ పంపి ఆ కాపీ ఉంచుకోవాలి.

కరువు వచ్చినప్పుడు

ఎల్‌ఎఫ్‌పీలో మీరు నష్టాన్ని నిరూపించనక్కర్లేదు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని జాతీయ కరువు నివారణ కేంద్రం, వ్యవసాయ శాఖ, ఫెడరల్ వాతావరణ సంస్థ కలిసి ప్రతి గురువారం విడుదల చేసే కరువు పటమే తీర్పు చెబుతుంది. ఆ పటంలో డీ0 నుంచి డీ4 దాకా స్థాయిలు ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ కరువు తీవ్రత పెరిగినట్లు. మీ కౌంటీలో ఏ మూలనైనా, పశువులు మేసే కాలంలో డీ2 స్థాయి వరుసగా నాలుగు వారాలు ఉంటే ఒక నెల చెల్లింపు, వరుసగా ఎనిమిది వారాల్లో ఏడు వారాలు ఉంటే రెండు నెలల చెల్లింపు వస్తుంది. ఈ రెండు మెట్లూ 2025 చట్టంతో వచ్చాయి. అంతకుముందు ఒక నెల చెల్లింపుకే ఎనిమిది వారాలు వరుసగా ఆగవలసి వచ్చేది. డీ3 ఒక్కసారి తాకినా మూడు నెలలు, డీ3 నాలుగు వారాలు ఉన్నా డీ4 ఒక్కసారి తాకినా నాలుగు నెలలు, డీ4 నాలుగు వారాలు ఉంటే ఐదు నెలలు. కరువు తాకినది కౌంటీలో ఇంకో మూల అయినా మీకు అర్హత ఉంటుంది. అలాగే మీ బీడు నిజంగా ఎండిపోయినా, కౌంటీ మొత్తం డీ1 దగ్గరే ఆగిపోతే మీకేమీ రాదు. ఇది అన్యాయంగా కనిపించవచ్చు, కానీ ప్రతి బీడునూ వెళ్లి కొలిచే పని తప్పడం వల్లే ఈ పథకంలో డబ్బు త్వరగా వస్తుంది.

చెల్లింపు నెలవారీ మేత ఖర్చులో 60 శాతం. ఒక పెద్ద ఆవుకు రోజుకు 15.7 పౌండ్ల మొక్కజొన్నతో సమానమైన మేత కావాలని లెక్క వేసుకుని, దాన్నిబట్టి మిగతా పశువులకు లెక్కగడతారు. పశువుల సంఖ్య ప్రకారం ఒక లెక్క, మీ ఎకరాలు మామూలుగా ఎన్ని పశువులను మోయగలవో దాని ప్రకారం మరో లెక్క వేసి, రెండింటిలో తక్కువైనదే ఇస్తారు. నలభై ఆవులకు సరిపోయే బీడులో వంద ఆవులుంటే నలభైకే వస్తుంది. సాగునీరు పెట్టే భూమి లెక్కలోకి రాదు. కరువు మొదలైన తేదీకి ముందు 60 రోజుల కాలంలో పశువులు మీ చేతిలో ఉండాలి. కరువు కారణంగా ఆ ఏడాదో, అంతకుముందు రెండేళ్లలోనో అమ్మేసిన పశువులకు కూడా తక్కువ రేటున కొంత వస్తుంది. ఒక్కరికి ఏడాదికి 1,25,000 డాలర్ల పరిమితి ఉంది. ఫారం సీసీసీ-853, గడువు తరువాతి ఏడాది మార్చి 1.

డబ్బు చిన్నదైనా ఎల్‌ఎఫ్‌పీ దరఖాస్తు వదలకూడదనడానికి మరో కారణం ఉంది. కాంగ్రెస్ అప్పుడప్పుడు అదనపు విపత్తు నిధులు కేటాయించినప్పుడు, ఎఫ్‌ఎస్‌ఏ పాత ఎల్‌ఎఫ్‌పీ ఫైళ్లనే ఆధారం చేసుకుని, కొత్త దరఖాస్తు అడగకుండానే వాటిని పంచుతోంది. 2021 కరువు నష్టాలకు 2022లో, 2023, 2024 కరువు నష్టాలకు 2025లో ఇలాగే జరిగింది. మొదట ఎల్‌ఎఫ్‌పీకి దరఖాస్తు పెట్టనివారి పేరు ఆ జాబితాలో ఉండే అవకాశమే లేదు.

మేత, నీళ్లు, కంచె

ఈలాప్ కింద నీళ్లు తోలించినా, మేత రప్పించినా లెక్కగట్టిన ఖర్చులో సాధారణంగా 60 శాతం ఇస్తారు. వ్యవసాయం మొదలుపెట్టి పదేళ్లు మించనివారికి, పరిమిత ఆదాయం ఉన్నవారికి, మాజీ సైనికులకు కొన్ని రకాల నష్టాల్లో ఇది 90 శాతం దాకా ఉంటుంది. దీనికోసం సీసీసీ-860లో ధ్రువీకరణ ఇవ్వాలి. మనవారిలో కొత్తగా మొదలుపెట్టినవారే ఎక్కువ కాబట్టి ఈ ఫారం గురించి మీరే అడగండి. ప్రతి ట్రిప్పుకూ తేదీ, దూరం, గ్యాలన్లు లేదా టన్నులు రాసిన చిట్టా ఉంచాలి. మామూలు సంవత్సరాల్లో కూడా మీరు నీళ్లు తోలించుకునేవారే అయితే, ఆ మామూలు ఖర్చుకు మించినదే లెక్కలోకి వస్తుంది.

కంచెలు కాలిపోయినా కొట్టుకుపోయినా ఎమర్జెన్సీ కన్సర్వేషన్ ప్రోగ్రామ్ అనే వేరే పథకం ఖర్చులో 75 శాతం దాకా భరిస్తుంది. 2024 ఫిబ్రవరిలో టెక్సాస్ పాన్‌హ్యాండిల్‌లో పది లక్షల ఎకరాలకు పైగా కాల్చేసిన స్మోక్‌హౌస్ క్రీక్ కార్చిచ్చు వంటి వాటిలో పశువుల కంటే కంచెల ఖర్చే కొందరిని ఎక్కువగా కుంగదీస్తుంది. అయితే ఇందులో పని మొదలుపెట్టకముందే దరఖాస్తు పెట్టి, కార్యాలయం అనుమతి తీసుకోవాలి. పశువులు రోడ్డెక్కుతాయన్న కంగారులో ముందే శాశ్వత కంచె వేసేస్తే ఆ ఖర్చు మీదే కావచ్చు. తాత్కాలికంగా విద్యుత్ తీగ కట్టి మందను ఆపి, ఈలోగా కార్యాలయానికి ఫోన్ చేయడం మంచిది. కళేబరాల పూడ్చివేతకు సాయం కావాలంటే అదే భవనంలో సాధారణంగా ఉండే నేల సంరక్షణ విభాగం, అంటే ఎన్‌ఆర్‌సీఎస్, వారినీ ఇదే విధంగా ముందుగానే అడగాలి.

దరఖాస్తును తిరస్కరిస్తే, పన్ను కట్టవలసి వస్తే

తిరస్కరణ ఎప్పుడూ లిఖితపూర్వకంగా రావాలి. కౌంటర్ దగ్గర ఎవరో రాదని చెప్పారని వెనుదిరగకుండా, దరఖాస్తు తీసుకుని కమిటీ నిర్ణయాన్ని కాగితం మీద ఇమ్మని మర్యాదగా అడగవచ్చు. లేఖ అందిన 30 రోజుల్లోగా అదే కౌంటీ కమిటీని పునఃపరిశీలన కోరవచ్చు, మధ్యవర్తిత్వం అడగవచ్చు, రాష్ట్ర కమిటీకి అప్పీలు చేయవచ్చు, లేదా వ్యవసాయ శాఖలోనే స్వతంత్రంగా పనిచేసే నేషనల్ అప్పీల్స్ డివిజన్‌కు వెళ్లవచ్చు. ఏ దారులు ఉన్నాయో ఆ లేఖలోనే రాసి ఉంటుంది. కొత్త రుజువు చేతిలో ఉంటే ముందు కౌంటీ కమిటీకే వెళ్లడం త్వరగా తేలే దారి. వివాదం నిబంధన అర్థం గురించి అయితే పైకి వెళ్లడమే మేలు.

వచ్చిన డబ్బు పన్ను పరిధిలోకి వస్తుంది. ఏడాది ముగిశాక ఎఫ్‌ఎస్‌ఏ నుంచి 1099-జీ అనే పన్ను పత్రం వస్తుంది, ఆ మొత్తాన్ని షెడ్యూల్ ఎఫ్‌లో వ్యవసాయ పథకాల చెల్లింపుగా చూపాలి. కరువువల్ల మామూలుకంటే ఎక్కువ పశువులను అమ్మి ఉంటే, ఆ అదనపు ఆదాయంపై పన్నును మరుసటి ఏడాదికి వాయిదా వేసుకునే వీలు, నిర్ణీత కాలంలో మళ్లీ పశువులను కొంటే లాభాన్ని వాయిదా వేసే వీలు ఆదాయపు పన్ను చట్టంలో ఉన్నాయి. ఈ రెండింటిలో ఏది మీకు వర్తిస్తుందో వ్యవసాయ పన్నులు చేసే అకౌంటెంటునే అడగాలి, ఎందుకంటే ఉద్యోగుల రిటర్నులు మాత్రమే చేసేవారికి ఈ నిబంధనలతో పని పడడం అరుదు.